మసక ఎరుపు పోయి పచ్చ వెలుగు వచ్చిన తీరు

సోడియం యిట్రియం ఫ్లోరైడ్ నానో స్ఫటికాల్లో 20 శాతం యిటర్బియం, 2 శాతం ఎర్బియం అనే అరుదైన లోహ మూలకాలు కలిపితే, కంటికి కనిపించని 980 నానోమీటర్ల లేజర్ పడగానే అవి పచ్చగా వెలగాలి. యిటర్బియం ఆ కాంతిని పీల్చి ఎర్బియంకి అందిస్తుంది. రెండు విడతలుగా అందిన శక్తి కలిసి, 540 నానోమీటర్ల దగ్గర ఒకే పచ్చటి ఫోటాన్‌గా (కాంతి కణంగా) బయటికొస్తుంది. నాకు మాత్రం వరసగా మూడు బ్యాచ్‌లు మసక ఎరుపులోనే వచ్చాయి.

లేజర్‌ని అనుమానించాను, రసాయనాలు మార్చాను. చివరికి స్ఫటికంలో పరమాణువుల అమరికని గ్రాఫు శిఖరాలుగా చూపే ఎక్స్‌రే డిఫ్రాక్షన్ తీస్తే, కావాల్సిన షట్కోణ రూపంతో పాటు ఘనాకార (క్యూబిక్) రూపం శిఖరాలూ కనిపించాయి. ఘనాకార రూపం వెలుగు చాలా తక్కువ. షట్కోణ రూపం రావడానికే 300 డిగ్రీలు పెట్టానే, మరెందుకిలా? చూస్తే వేడిని కొలిచే థర్మోకపుల్ తీగ కొన ద్రావణంలో మునగలేదు, ఫ్లాస్కు గోడకి ఆనుకుని ఉంది. అది చూపించింది గోడ వేడి, లోపల అంత లేదు. కొనని ద్రావణం మధ్యలోకి దించాను. తయారీలో వాడిన మిథనాల్ ద్రావకం పూర్తిగా ఆవిరైపోయేదాకా ఆగి, ఆర్గాన్ వాతావరణంలో 305 డిగ్రీల దగ్గర గంటన్నర ఉంచాను. ఈసారి షట్కోణ శిఖరాలే!

తీరా నీళ్లలోకి మార్చగానే వెలుగు బాగా పడిపోయింది. నీటి అణువుల్లోని ఓహెచ్ (ఆక్సిజన్-హైడ్రోజన్ బంధం) కంపనాలు, స్ఫటికం ఉపరితలం దగ్గరి ఎర్బియం, యిటర్బియం అయాన్ల శక్తిని లాగేసుకుంటాయి. నీళ్లు ఆ అయాన్ల దగ్గరికి రాకుండా, అవి లేని అదే ఫ్లోరైడ్‌తో పైన పల్చటి పొర పెంచాను. నీళ్లలో వాడేవాళ్లు ఈ పని మొదటి బ్యాచ్ నుంచే చేయాలని నా గట్టి అభిప్రాయం. ఆ సాయంత్రం లేజర్ కళ్లద్దాలు పెట్టుకుని, దీపాలార్పి చూస్తే, నీళ్లున్న క్యువెట్‌లో (చిన్న పారదర్శక గొట్టంలో) ఈ చివర నుంచి ఆ చివరి దాకా సన్నటి పచ్చ గీత.