విశాఖలో తక్కువ ఖర్చుతో ఇంటికి ఇంటర్నెట్: ఏపీ ఫైబర్‌నెట్ దరఖాస్తు విధానం

రేషన్ కార్డు చూపిస్తే నెట్ బిల్లు డబ్బులు బ్యాంకు ఖాతాలో వేసే పథకం మన దగ్గర లేదు. అమెరికాలో దానికి దగ్గరగా ఒకటి ఉండేది. తక్కువ ఆదాయం ఉన్న ఇంటికి నెలకు 30 డాలర్ల దాకా బిల్లులో తగ్గించేవారు. నిధులు అయిపోయి 2024 జూన్‌లో అదీ ఆగిపోయింది. కాబట్టి "ఇంటర్నెట్ సబ్సిడీ మంజూరైంది, ఓటీపీ చెప్పండి" అని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి. అప్పటికే డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

మన దగ్గర ప్రభుత్వం డబ్బు పెట్టేది బిల్లు మీద కాదు, లైన్ల మీద. రాష్ట్ర ప్రభుత్వ నెట్ సంస్థ ఏపీ ఫైబర్‌నెట్ కేబుల్‌ను కరెంటు స్తంభాల మీదుగా లాగడానికి కారణం ఖర్చు తగ్గించుకోవడమే. 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దీన్ని ప్రారంభించినప్పుడు నెట్, టీవీ, ఫోన్ కలిపి నెలకు 149 రూపాయలన్నారు. ఆ రేటు మనసులో పెట్టుకుని వెళ్లకండి, ప్లాన్లు తర్వాత మారాయి.

దరఖాస్తు మీ వీధి కేబుల్ ఆపరేటర్ దగ్గర ఇవ్వొచ్చు. ఆయన దగ్గర ఫారం నింపి, ఆధార్ జిరాక్స్, ఫోటో, వాడుకలో ఉన్న ఫోన్ నంబరు ఇవ్వాలి. జిరాక్స్ మీద "ఫైబర్ కనెక్షన్ కోసం మాత్రమే" అని రాసి సంతకం పెట్టడం మంచిది.

చిక్కంతా అద్దె ఇళ్ల వాళ్లకే. గాజువాకలోనో పెందుర్తిలోనో ఉంటారు, ఆధార్‌లో మాత్రం శ్రీకాకుళం పక్క ఊరి పేరు ఉంటుంది. అలాంటప్పుడు అద్దె ఒప్పందం కాగితం గానీ, ఇంటి కరెంటు బిల్లుతో పాటు ఓనరు రాసిచ్చిన చీటీ గానీ సరిపోతుందేమో ఆపరేటర్‌ని ముందే అడగండి. ఓనరుతో ఎలాగూ మాట్లాడాలి, వైరు వచ్చేది ఆయన డాబా మీదుగానే. కంచరపాలెం, ఆరిలోవ వైపు కొండవాలు ఇళ్లకు ఇంకో సమస్య ఉంది. దగ్గరి స్తంభం నుంచి వైరు ఎంత దూరం లాగాలో చూసి, అదనపు వైరుకు డబ్బు ఎంతో ముందే తేల్చుకోండి. అంతకంటే ముందు, వానాకాలంలో ఆ లైను ఎలా పనిచేస్తుందో పక్కింటి వాళ్లని అడగండి. ప్లాన్ కాగితం కంటే వాళ్ల మాటే నమ్మొచ్చు.

రేటు చెప్పినప్పుడు జీఎస్టీ కలిపా, విడిగానా అని తప్పకుండా అడగాలి. పన్ను 18 శాతం. అంటే 299 అన్న ప్లాను చేతికి వచ్చేసరికి దాదాపు 353 అవుతుంది. కనెక్షన్ కోసం ఇంట్లో పెట్టే బాక్సుకి డిపాజిట్టా, అద్దెనా, పూర్తిగా కొనడమా? ఏదైనా సరే, రసీదు తీసుకోండి. నోటిమాటతో డబ్బు కట్టొద్దు.

లైను పోతే ఆపరేటర్‌కి చెప్పి ఊరుకోకుండా కస్టమర్ కేర్‌లోనూ ఫిర్యాదు పెట్టి నంబరు రాసుకోండి. అక్కడా పని కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా ఫిర్యాదుల కార్యక్రమంలో అర్జీ కూడా ఇవ్వొచ్చు. ఆ ఫిర్యాదు నంబరు లేకపోతే మాత్రం ఎక్కడికి వెళ్లినా మళ్లీ మొదటికే వస్తుంది.

ఇల్లు మారుతుంటే బాక్సు గోడకే వదిలేసి వెళ్లకండి. తిరిగి ఇచ్చి, అందినట్టు రాయించుకుని, డిపాజిట్ అడిగి తీసుకోండి.