ఇంట్లో హైడ్రోజన్ సెల్ - 3వ పాఠం: ముందు ఆ రంగు నీళ్ళ సంగతి

మన సెల్ కరెంటుతో నీళ్ళను హైడ్రోజన్, ఆక్సిజన్‌లుగా విడగొడుతుంది కదా, ఈసారి ఆ రెండు గ్యాసులనీ విడిగా పట్టాలి. కానీ పోయిన పాఠం చేసినవాళ్ళలో చాలామందికి నీళ్ళ రంగు మారిపోయింది. అది తేలకుండా ముందుకెళ్ళి లాభం లేదు.

తుప్పు రంగు మడ్డి దిగితే ప్లస్ వైపు మామూలు ఇనుము పెట్టారన్నమాట. నీలమో ఆకుపచ్చో తిరిగితే తీగని పట్టీకి తగిలించే క్లిప్పు మునిగి, దాని రాగి కరిగింది. క్లిప్పు నీటిమట్టానికి 2 సెం.మీ. పైనే ఉండాలి. నల్లపొడి రాలితే అది గ్రాఫైట్ (పెన్సిల్ ములికిలో ఉండే కార్బన్). పసుపు రంగును మాత్రం తేలిగ్గా తీసుకోకండి. స్టీలులోని క్రోమియం క్రోమేట్‌గా మారి నీళ్ళలోకి దిగింది. అది విషం, క్యాన్సర్ కారకం కూడా. తొడుగులు వేసుకోండి, సింకులో పారబోయకండి. సీసాలో పోసి పేరు రాసి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవాళ్ళకే ఇవ్వండి.

ఇక ఉప్పు. వద్దని చెప్పినా "చిటికెడే కదా" అని వేస్తూనే ఉన్నారు. ఉప్పు నీళ్ళలో ప్లస్ వైపు ఆక్సిజన్‌తో పాటు క్లోరిన్ కూడా పుడుతుంది. లెక్కప్రకారం ఆక్సిజన్‌కి 1.23 వోల్టులు, క్లోరిన్‌కి 1.36 వోల్టులు కావాలి కాబట్టి ఆక్సిజనే ముందు రావాలనిపిస్తుంది. నిజానికి ఆక్సిజన్ ఏర్పడే చర్య మందకొడిది, దాన్ని నడపడానికి అదనపు వోల్టేజీ పెట్టాలి. ఆలోపు క్లోరిన్ ముందుకొచ్చేస్తుంది. మైనస్ దగ్గర పుట్టిన కాస్టిక్ సోడాతో అది కలిస్తే బ్లీచింగ్ ద్రవం తయారవుతుంది. కరెంటు బాగా పారి బుడగలు జోరుగా వస్తాయి కాబట్టి సెల్ బ్రహ్మాండంగా పనిచేస్తోందనుకుంటారు. చిటికెడు వేసినా ఉప్పులోని క్లోరైడు స్టీలుకి గుంటలు పెడుతుంది. బోరు నీళ్ళలోనూ క్లోరైడు ఉంటుంది, అందుకే డిస్టిల్డ్ వాటరే వాడమన్నది.

ఉప్పు బదులు లీటరు నీళ్ళకి 50 గ్రాముల సోడియం కార్బొనేట్ పొడి వేయండి. స్ఫటికాల రూపంలో దొరికితే వాటిలో నీళ్ళుంటాయి, 135 గ్రాములు కావాలి. వంట సోడా 80 గ్రాములు 200 డిగ్రీల వేడిలో గంటసేపు ఉంచినా దాదాపు 50 గ్రాములు మిగులుతుంది. బట్టల పౌడరు వద్దు, దాని నురగలో గ్యాసు చిక్కుకుంటుంది.

రెండు పక్కలా నికెల్ పట్టీ పెట్టండి. నికెల్ అని చెప్పి నికెల్ పూత పూసిన ఇనుము అంటగడతారు. అయస్కాంతం రెంటికీ అంటుకుంటుంది కాబట్టి దాంతో తేలదు. పట్టీని ఆకురాయితో గీకి రాత్రంతా ఉప్పునీళ్ళలో ఉంచండి (ఉప్పు ఇక్కడ పనికొస్తుంది!). తుప్పు పడితే పక్కన పడేయండి.

అమరిక తేలికే. గాజు గిన్నెలో ద్రావణం పోసి, దానితోనే నింపిన రెండు 25 మి.లీ. కొలత గొట్టాలను బోర్లించాలి. పట్టీలను కొక్కెంలా వంచి, మొన గొట్టంలోకి పోయేలా పెట్టాలి. పట్టీలో గొట్టానికి బయట మునిగే భాగమంతటికీ హీట్ ష్రింక్ (వేడి తగిలితే బిగుసుకునే ప్లాస్టిక్ తొడుగు) తొడగకపోతే అక్కడా బుడగలొచ్చి లెక్క తప్పుతుంది. విద్యుత్తు సర్దుబాటు చేసుకునే డీసీ సప్లై నుంచే; 6 వోల్టుల పరిమితి పెట్టి ఆంపియర్లను నడపండి. గ్యాసు పుట్టేది ఆంపియర్లను బట్టే, వోల్టులు పెంచితే మిగిలేది వేడి. ఒక ఆంపియర్‌కి నిమిషానికి 25 డిగ్రీల దగ్గర సుమారు 7.6 మి.లీ. హైడ్రోజన్, అందులో సగం ఆక్సిజన్ వస్తుంది.

మధ్యలో ప్లస్ మైనస్ మార్చకండి, రెండు గ్యాసులూ ఒకే గొట్టంలో కలుస్తాయి. గాలిలో 4 నుంచి 75 శాతం దాకా హైడ్రోజన్ ఉంటే అంటుకుంటుంది, కనిపించనంత చిన్న నిప్పురవ్వ చాలు. కళ్ళకి రక్షణ అద్దాలు పెట్టుకోండి, కిటికీ తెరిచి ఉంచండి, నిల్వ చేయకండి.

అభ్యాసం: గొట్టాలు పెట్టకముందు పావుగంట కరెంటు పారనివ్వండి, లేకపోతే మొదటి ఆక్సిజన్ నీళ్ళలోనే కరిగిపోతుంది. తర్వాత 0.1, 0.2, 0.3 ఆంపియర్ల దగ్గర పదేసి నిమిషాలు, ఒక్కోటి మూడుసార్లు. 0.2 దగ్గర హైడ్రోజన్ 15.2 మి.లీ. రావాలి, నీటి ఆవిరి కలిసి 3 శాతం ఎక్కువ చూపిస్తుంది. 14 కూడా రాకపోతే హీట్ ష్రింక్ చివర్లు చూడండి.