మొదటి పెల్లెట్ గ్రిల్లు కొంటున్నారా? ముందు గుళికల సంచి వెతకండి

తెలుగులో ఒకరికి ‘పొగ పెట్టడం’ అంటే ఉన్నచోటు నుంచి వాళ్లను సాగనంపడం. మాంసానికి పొగ పెడితే జరిగేది దీనికి తలకిందులు: పిలవనివాళ్లు కూడా డాబా మెట్లెక్కి వస్తారు. మా డాబా మీద, చెక్కపొట్టు గుళికలను మండించి ఆ పొగలో వండే పెల్లెట్ గ్రిల్లు పెట్టిన నాటి నుంచి వచ్చినవాళ్లంతా ముక్క నోట్లో వేసుకుని అడిగే మొదటి ప్రశ్న ఒకటే, ‘ఇది ఏ కంపెనీది?’ అని. అది ఆఖరున అడగవలసిన ప్రశ్న. హైదరాబాద్‌లో ఈ యంత్రం కొనేవాళ్లు ముందు గుళికల సంగతి, తర్వాత కరెంటు సంగతి, ఆ తర్వాతే గ్రిల్లు సంగతి చూడాలి. నేను సరిగ్గా ఎదురు వరసలో వెళ్లి చేతులు కాల్చుకున్నాను.

లోపల ఏముంటుంది

పెల్లెట్ అంటే రంపపు పొట్టును గట్టిగా అదిమి చేసిన గుళిక. లావు సుమారు 6 మిల్లీమీటర్లు. మంచి గుళికల్లో జిగురు కలపరు. ఒత్తిడికి, వేడికి చెక్కలోనే ఉన్న లిగ్నిన్ మెత్తబడి పొట్టును పట్టి ఉంచుతుంది. గ్రిల్లు పక్కన ఉండే హాపర్, పిండిమర మీద గింజలు పోసే గరాటు లాంటిది. దాని అడుగున ఆగర్ తిరుగుతుంటుంది. కీమా మిషన్‌లోని మరను ఊహించుకోండి, అదే పని: గుళికలను కొద్దికొద్దిగా నిప్పుగిన్నెలోకి తోస్తుంది. గిన్నెలోని హీటరు కడ్డీ మొదటి మంట అంటిస్తుంది, ఫ్యాను గాలి ఊదుతుంది, ఆగర్ ఎప్పుడు తిరగాలో ఎప్పుడు ఆగాలో కంట్రోలరు చూసుకుంటుంది. 1980లలో అమెరికాలోని ఆరెగన్ రాష్ట్రంలో జో ట్రేగర్, ఇళ్లను వెచ్చబెట్టే గుళికల పొయ్యి పద్ధతిని ఇలా వంటకు మళ్లించాడు.

మంటకూ మాంసానికీ మధ్య ఇనుప రేకు అడ్డంగా ఉంటుంది. అంటే ఇది బొగ్గుల పొయ్యి కంటే పొగ తిరిగే ఓవెన్‌కే దగ్గర. పాతబస్తీ కబాబుల బట్టీ ముందు నిలబడినప్పుడు, నిప్పుల మీద కొవ్వు చుక్క పడి చుర్రుమని లేచే ఘాటు ఉంటుంది చూడండి, అది ఇందులో రాదు. గుళికలు దాదాపు పూర్తిగా మండుతాయి కాబట్టి పొగ పలచగా, వాసన మృదువుగా ఉంటుంది. ఆ ఘాటే కావాలనుకుంటే డబ్బు వృథా చేసుకోకుండా ఒక మంచి కుంపటి కొనుక్కోండి.

మొదటి పని: ఏడాదికి సరిపడా గుళికలు ఎక్కడివి?

మన దేశంలో పెల్లెట్లు అనగానే దొరికేవి ఎక్కువగా బాయిలర్ల కోసం చేసినవి. వేరుశనగ పొట్టు, వరి పొట్టు, రంపపు పొట్టు, ఏది అందితే అది కలిపి చేస్తారు. ఫ్యాక్టరీల్లో వాడతారు, థర్మల్ విద్యుత్ కేంద్రాల్లో బొగ్గుతో కలిపి మండిస్తారు. ధర చూస్తే నోరూరుతుంది, కానీ వంటకు పనికిరావు. ఆ పొట్టులో ప్లైవుడ్ జిగురు ఉందో, రంగు వేసిన పాత తలుపు ఉందో మనకు తెలియదు. ‘వంటకు’ అని స్పష్టంగా రాసి, ఏ చెట్టు చెక్కో చెప్పిన సంచి మాత్రమే కొనాలి.

ఆపిల్, చెర్రీ చెక్కలు తేలికైన పొగనిస్తాయి, హికరీ అనే చెట్టుది ఘాటుగా ఉంటుంది. మెస్కీట్ అని ఇంకా ఘాటైనదొకటి దిగుమతి సంచుల మీద కనిపిస్తుంది. ఎంతో గొప్ప పేరులా వినిపించే ఈ చెట్టు మన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టం. రెండూ ప్రోసోపిస్ జాతివే. ఊళ్లలో ముళ్లకంప అని తిట్టుకునేదాని తోబుట్టువు డబ్బు పోసి ఓడెక్కి రావడం నాకు ఇప్పటికీ నవ్వు తెప్పిస్తుంది.

లెక్క ఇలా వేసుకోండి. సన్నని సెగ మీద గంటకు సుమారు అరకిలో నుంచి కిలో లోపు, పూర్తి వేడి మీద కిలో పైన గుళికలు ఖర్చవుతాయి. ఒక మటన్ తొడ ఆరు గంటలు మగ్గాలంటే 3 నుంచి 5 కిలోలు. దిగుమతి సంచి చాలామటుకు 9 కిలోలుంటుంది, అంటే రెండు ఆదివారాలు. నెలకు రెండుసార్లు వండినా ఏడాదికి పది పన్నెండు సంచులు కావాలి. అమ్మేవాళ్లను అడగవలసింది ‘ఇప్పుడు ఉన్నాయా’ అని కాదు, ‘జూలైలో కూడా పంపుతారా’ అని. జవాబు నీళ్లు నమిలినట్లుంటే గ్రిల్లు ఆలోచన అక్కడే ఆపండి.

సంచి చేతికొచ్చాక ఒక పరీక్ష. నాలుగు గుళికలు తీసి ఒకదాన్ని విరవండి. ఎండిన మురుకులా టక్కున విరగాలి, పైన సన్నని నిగనిగ ఉండాలి. రెండోదాన్ని టీ గ్లాసు నీళ్లలో వేయండి. చూస్తుండగానే ఉబ్బి, చుట్టూ పొరలు విచ్చి, కొద్ది నిమిషాల్లో తడి పొట్టుగా అడుగున కూర్చుంటుంది. అది లోపం కాదు, దాని స్వభావం. వానాకాలంలో మీ హాపర్‌లో జరిగేది కూడా అదే, కాకపోతే నెమ్మదిగా.

నాకు జరిగింది. మొదటి ఏడాది జూలైలో సగం నిండిన హాపర్‌ను అలాగే వదిలి, పైన కవరు కప్పి, పది రోజులు ఊరెళ్లాను. కవరు మీద నమ్మకం! తిరిగొచ్చి స్విచ్చి వేస్తే ఆగర్ ఒకసారి మూలిగి ఆగిపోయింది. ఆగర్ తిరిగే గొట్టం నిండా పొట్టు ఉబ్బి, మళ్లీ ఎండి, సిమెంటులా బిగిసింది. మర బయటికి లాగడానికి మధ్యాహ్నమంతా పట్టింది. స్క్రూడ్రైవరుతో గోకుతుంటే బెల్లం పాకం గడ్డకట్టిన జాడీ కడుగుతున్నట్లే ఉంది. అప్పటి నుంచి గుళికలు ఉండేది బియ్యం పోసుకునే స్టీలు డబ్బాలోనే.

రెండో పని: ప్లగ్గు

అమెరికాలో ఉన్న మేనమామ కొడుకు కంటైనర్‌లో ఒకటి పంపిస్తానంటే తొందరపడి సరే అనకండి. అక్కడి మోడళ్లు 120 వోల్టులు, 60 హెర్ట్జ్‌కు చేసినవి. మనది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ట్రూప్‌బజార్‌లో స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ దొరుకుతుంది, అది వోల్టులను తగ్గిస్తుంది గానీ హెర్ట్జ్‌ను, అంటే కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందన్న లెక్కను, మార్చదు. ఆగర్ మోటారు ఏసీ రకమైతే దాని వేగంలో ఆరోవంతు దాకా తగ్గిపోతుంది, అంటే గుళికలు అంత తక్కువ పడతాయి. డీసీ మోటార్లున్న మోడళ్లకు ఈ బాధ లేదు. యూరప్ మార్కెట్టుకు చేసిన మోడళ్లు మన కరెంటుకే సరిపోతాయి. అమ్మేవాళ్ల మాట నమ్మకుండా యంత్రం వెనుక వోల్టులు, హెర్ట్జ్ రాసి అంటించిన రేకు ఫొటో తెప్పించుకుని మీరే చదవండి.

కరెంటు ఖర్చు గురించి బెంగ వద్దు. కడ్డీ వెలిగే మొదటి కొన్ని నిమిషాలు 200 నుంచి 300 వాట్లు, ఆ తర్వాత ఒక ఫ్యాను తిరిగినంత. బెంగ పడవలసింది కరెంటు పోవడం గురించి. వంట మధ్యలో పోతే ఫ్యాను ఆగుతుంది, ఆగర్ ఆగుతుంది, గిన్నెలోని నిప్పు మాత్రం ఆగదు. అది గొట్టంలోని గుళికలను అంటుకుని హాపర్ వైపు పాకవచ్చు. అందుకే ఇంటి ఇన్వర్టరు లైను డాబా దాకా లాగించండి. సైన్‌వేవ్ రకమైతే మోటారుకు మంచిది. ఎర్తింగ్ ఉన్న మూడు పిన్నుల సాకెట్టు తప్పనిసరి. కరెంటు తిరిగొచ్చాక కంట్రోలరు ఏం చేస్తుందో కూడా కొనేముందే అడగండి. తనంతట తాను మళ్లీ మొదలయ్యే రకమైతే, ఆరిన గిన్నెలో గుళికలు గుట్టగా పడి ఒక్కసారిగా భగ్గుమనే ప్రమాదం ఉంది. ఏ రకమైనా సరే, నిప్పు ఆరిపోతే పూర్తిగా చల్లారాక గిన్నె ఖాళీ చేసి అప్పుడే మళ్లీ వెలిగించాలి.

చోటు సంగతి ఒక్క మాటలో: బాల్కనీ వద్దు. గదిలో అసలే వద్దు, కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. డాబా మీద ప్లాస్టిక్ ట్యాంకుకు, ఆరేసిన బట్టలకు దూరంగా పెట్టండి. అపార్ట్‌మెంట్ అయితే సంఘం వాళ్లను ముందే అడగండి, మొదటి కోడిని వాళ్లకే పంపండి.

మూడో పని: ఇప్పుడు గ్రిల్లు

కంట్రోలరు పీఐడీ రకమా అని అడగండి. పాతరకం కంట్రోలరు, ఇన్ని సెకన్లు తిప్పు, ఇన్ని సెకన్లు ఆపు అన్న లెక్కతో నడుస్తుంది. ఉష్ణోగ్రత అటూ ఇటూ ఊగుతుంది. పీఐడీ రకం, వేడి ఎంత వేగంగా మారుతోందో చూసి గుళికలు వేస్తుంది. దీనికి కాస్త ఎక్కువ పెట్టవచ్చు. ఫోనులో చూసుకునే యాప్ కోసం మాత్రం పెట్టకండి.

మూత ఎత్తి దించి చూడండి. పలచని రేకు చేతికి తెలిసిపోతుంది, గాలివానలో అది వేడి నిలపలేదు. నిప్పుగిన్నె స్టెయిన్‌లెస్ స్టీలుదేనా, హాపర్ అడుగున గుళికలు ఖాళీ చేసే తలుపు ఉందా అన్నవి కూడా చూడాలి. ఆ తలుపు లేని మోడల్‌ను నేను ఉచితంగా ఇచ్చినా తీసుకోను. ఎందుకో పైన చెప్పాను. కొలతకు చదరపు అంగుళాల లెక్క కంటే, రెండు పూర్తి కోళ్లు ఒకదానికొకటి తగలకుండా పడతాయా అన్నది చాలు. విడిభాగాల్లో ముందుగా పోయేది హీటరు కడ్డీయే, అది విడిగా ఇక్కడ దొరకాలి.

పొగా, చురుకూ ఒకే యంత్రంలో వస్తాయా?

ప్రకటనలు వస్తాయనే అంటాయి. పొగకు 107 నుంచి 121 డిగ్రీల సెల్సియస్ కావాలి, ఇందులో అది చక్కగా కుదురుతుంది. చురుకంటే ముక్క పైభాగం ఎర్రగా కాలి కరకరలాడడం, దానికి ముక్కను తాకే ఇనుము 230 డిగ్రీలు దాటాలి. చాలా పెల్లెట్ గ్రిల్లులు 260 దగ్గర ఆగిపోతాయి, అదీ లోపలి గాలి వేడి. అడ్డురేకును పక్కకు జరిపి నేరుగా మంట తగిలించే ఏర్పాటున్న మోడళ్లు కొంత మెరుగు.

మొదటిసారి కొనేవాళ్లు దానికోసం అదనంగా పెట్టనక్కర్లేదని నా అభిప్రాయం. చురుకు పుట్టించేది నిలవ ఉన్న వేడి. కాలిన రాతి పలక మీద వండే పత్తర్ కా గోష్త్ తిన్న ఊరికి ఈ సంగతి వేరే చెప్పాలా? మందమైన పోత ఇనుప పెనాన్ని ఇరవై నిమిషాలు గ్రిల్లులోనే పూర్తి వేడి మీద ఉంచండి, లేదా పక్కన కుంపటి రాజేయండి. ముందు పొగలో మగ్గించి, చివర ఒక్కో వైపు ఒక నిమిషం పెనం మీద అదిమితే సరి. వంటింటి గట్టుకు మిగిలిన గ్రానైట్ ముక్కను మాత్రం వాడకండి, వేడికి పగిలి ఎగరవచ్చు.

మొదటి వంట

కొత్త గ్రిల్లును ఖాళీగా పూర్తి వేడి మీద ముప్పావు గంట నడపండి, తయారీలో అంటిన నూనెలు కాలిపోతాయి. మొదటి రోజే మటన్ జోలికి వెళ్లవద్దు. మన మేక మాంసంలో కొవ్వు తక్కువ, తొందరగా ఎండిపోతుంది. మూడు గంటల తర్వాత అరటాకులోనో ఫాయిల్‌లోనో చుట్టి, ఎముక దగ్గర 90 డిగ్రీలు దాటేదాకా ఓపిక పట్టాలి. చర్మంతో ఉన్న కోడి సులువు. లోపలి మాంసం 74 డిగ్రీలకు చేరితే అయినట్లే. ఆ కొలతకు సూది థర్మామీటరు కొనండి. పొగపట్టిన మాంసంలో అంచు వెంట గులాబీరంగు గీత వస్తుంది. మా బాబాయి దాన్ని చూసి పచ్చిగా ఉందని పళ్లెం తోసేశారు. పొగలోని వాయువులు మాంసపు రంగుతో కలవడం వల్ల వచ్చే గీత అది. థర్మామీటరు గుచ్చి అంకె చూపించాక గానీ ఆయన తినలేదు.

నన్నడిగితే అన్నిటికంటే ముందు రెండు వంకాయలు పెట్టండి. తక్కువ సెగ మీద గంటన్నర పొగ, తర్వాత పెనం మీద తొక్క నల్లబడేదాకా. పచ్చిమిర్చి, చింతపండు, వెల్లుల్లితో పచ్చడి నూరండి. చెడినా పోయేది పాతిక రూపాయలే.

అయ్యాక ప్లగ్గు పీకేయకండి. కంట్రోలరులోని ఆపే మీట నొక్కితే గిన్నెలోని గుళికలు కాలిపోయేదాకా ఫ్యాను తిరిగి తనే ఆగుతుంది. మర్నాడు బూడిద పూర్తిగా చల్లారాక తీసి, కొవ్వు పట్టిన పళ్లెం తుడవండి. హాపర్ తలుపు తెరిచి మిగిలిన గుళికలను స్టీలు డబ్బాలోకి దించండి. ప్లగ్గు తీసి, చివరగా అడుగుకు చేయి పోనిచ్చి మూలల్లో తడమండి. ఒక్క గుళిక కూడా తగలకూడదు.