కడపలో కూర్చుని రోమన్ కంచు బొమ్మ కొనాలంటే

ముందు బొమ్మ అందం చూడకండి, కాగితాలు చూడండి. పురావస్తువుల దొంగ వ్యాపారాన్ని ఆపడానికి దేశాలు చేసుకున్న 1970 యునెస్కో ఒప్పందానికి ముందు అది ఎవరి దగ్గరుందో, ఏ పాత క్యాటలాగ్‌లో ఫొటో పడిందో చూపిస్తేనే వేలంలో బిడ్ వేయండి. "యూరప్‌లో ఒక కుటుంబానిది" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే ఎంత చవకైనా వదిలేయండి, దొంగతవ్వకాల సరుక్కి కూడా అదే మాట రాస్తారు.

కొత్తవాళ్లు పాలరాతి తలల జోలికి పోకుండా, అరచేతిలో ఇమిడే రోమన్ దేవుడు మెర్క్యురీ లాంటి చిన్న కంచు బొమ్మతో మొదలుపెడితే మేలు. వీపు, పాదాల కింద భాగం ఫొటోలు, బొమ్మ ఏ స్థితిలో ఉందో చెప్పే కండిషన్ రిపోర్టు అడిగి తెప్పించుకోండి. నేను అడగలేదు. పార్సిల్ విప్పితే మోచేతి మడతలో లేత ఆకుపచ్చ పొడి, వేలు తగలగానే ముగ్గుపిండిలా రాలింది. దాన్ని బ్రాంజ్ డిసీజ్ అంటారు, కంచులో మిగిలిన క్లోరైడ్లు గాలిలో తేమ తగిలి లోహాన్ని లోపల్నుంచి తినేస్తాయి. మన ఎండలకు భయం లేదు గానీ వానాకాలంలో గట్టి మూత డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ వేసి పెట్టాలి. ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి, ఇత్తడి చెంబులా చింతపండుతో తోమితే వందల ఏళ్లుగా పట్టిన రంగు పొర, అంటే పటీనా, ఒక్క పూటలో పోతుంది, మళ్లీ రాదు.

వేలంలో సుత్తి పడిన ధరే ఆఖరు కాదు. దానిమీద వేలం సంస్థ కొన్నవాళ్ల దగ్గర తీసుకునే కమీషన్, అంటే బయ్యర్స్ ప్రీమియం, చాలాచోట్ల పాతిక శాతం దాకా ఉంటుంది, ఆపైన షిప్పింగ్, ఇన్సూరెన్స్, కస్టమ్స్. అన్నీ కలిపి మీ పరిమితి కాగితం మీద రాసుకుని, అది దాటితే ఫోన్ పక్కన పెట్టేయండి.

ఇంకొకటి, 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన వస్తువును ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపకూడదు. నచ్చకపోతే వెనక్కి పంపేద్దాంలే అనుకోవద్దు, రిజిస్ట్రేషన్ సంగతి కూడా కొనకముందే పురావస్తు శాఖను అడగండి.