స్టిక్కర్ చెరిగిపోయినా విండోస్ ఎక్కింది

కావలిలో మా బావ ఎరువుల కొట్టులో పాత ల్యాప్‌టాప్ ఉంది. హార్డ్ డిస్క్ పోయింది, దాని బదులు ఎస్‌ఎస్‌డీ (వేగంగా పనిచేసే కొత్త రకం డిస్క్) వేయించాం. అసలు టెన్షన్ లైసెన్స్ కీతో, అంటే విండోస్ అసలైనదని రుజువు చేసే 25 అక్షరాల కోడ్‌తో. అది రాసి ఉన్న, ల్యాప్‌టాప్ అడుగున అతికించిన విండోస్ 7 స్టిక్కర్ వేడికీ రాపిడికీ అరిగిపోయింది. "ఏమబ్బా, కొత్త కీ కొనాల్సిందేనా?" అన్నాడు బావ.

ముందు స్టిక్కర్ చదవడానికే చూశాను. ఫోన్ టార్చ్‌ను ఏటవాలుగా పట్టి, ఫొటో తీసి, కాంట్రాస్ట్ పెంచితే కొన్ని అక్షరాలు తేలాయి. ఆ 25 అక్షరాల్లో సున్నా, 1, 5, ఎ, ఇ, ఐ, ఓ, యు ఎప్పుడూ ఉండవు. కాబట్టి సున్నాలా కనిపించేది క్యూ, డీ, జీ లాంటిదే అయి ఉండాలి. కానీ 8, బీ రెండూ ఉంటాయి, అక్కడే చిక్కు. చివరి రెండు ఐదక్షరాల గుంపులైతే మచ్చ కూడా మిగల్లేదు.

అప్పుడు గుర్తొచ్చింది, ఈ మెషీన్‌ను 2016లోనే ఉచితంగా విండోస్ 10కి మార్చాం. అలా మారినవాటికి డిజిటల్ లైసెన్స్ (కీ అవసరం లేని అనుమతి) మదర్‌బోర్డుతో, అంటే లోపలి ప్రధాన సర్క్యూట్ బోర్డుతో ముడిపడి మైక్రోసాఫ్ట్ సర్వర్లో ఉంటుంది. డిస్క్ మారినా పోదు.

8 జీబీ పెన్‌డ్రైవ్‌లో విండోస్ 10 ఇన్‌స్టాలర్ ఎక్కించి, దాంతో ల్యాప్‌టాప్‌ను బూట్ చేశాను. కీ అడిగిన చోట "నా దగ్గర కీ లేదు" అన్న ఆప్షన్ నొక్కి, ముందున్న హోమ్ ఎడిషనే ఎంచుకున్నాను. ఇది ముఖ్యం, ప్రో ఎడిషన్ ఎంచుకుంటే ఆ లైసెన్స్‌తో యాక్టివేట్ కాదు. వైఫై కలిపాక దానంతటదే యాక్టివేట్ అయింది.

విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ (మామూలుగా వచ్చే భద్రతా అప్‌డేట్లు) ముగిసింది కాబట్టి బిల్లులకు వాడుకో బావా, బ్యాంకు పనులు మాత్రం ఇందులో వద్దని గట్టిగా చెప్పాను.