గూడ్సు వ్యాను నమూనాకు అండర్‌ఫ్రేమ్ సరిగ్గా కుదరాలంటే

నమూనా రైళ్లు చేసేవారు వ్యాను పలకల గీతలకు, తలుపు గొళ్లేలకు, రంగుకు వారాలు వెచ్చించి, అండర్‌ఫ్రేమ్, అంటే పెట్టె కింద చక్రాలను, బ్రేకులను మోసే చట్రం, దగ్గరకు వచ్చేసరికి పెట్టెలో వచ్చిన ప్లాస్టిక్ ముక్కలను ఉన్నవి ఉన్నట్టుగా అతికించి ఊరుకోవడం తరచుగా కనిపిస్తుంది. బ్రేకు లీవరు మీద మనిషి పెట్టిన బలం చక్రం దాకా ఏ దారిన వెళుతుందో ఒకసారి అర్థం చేసుకుంటే, ఏ కడ్డీ ఎక్కడ ఉండాలో ఆ దారే చెబుతుంది. ఇక్కడ ఉదాహరణగా బ్రిటిష్ రైల్వేస్ 1950లలో పెద్దసంఖ్యలో నడిపిన 12 టన్నుల పలకల వ్యానును, అడుగుకు 4 మిల్లీమీటర్ల స్కేలులో, అంటే 16.5 మిల్లీమీటర్ల పట్టాల మీద నడిచే ఓఓ గేజ్ నమూనాగా తీసుకుంటున్నాను.

ముందుగా కొలతలు చూద్దాం. అసలు వ్యాను అండర్‌ఫ్రేమ్ పొడవు 17 అడుగుల 6 అంగుళాలు, ఇరుసుల మధ్య దూరం 10 అడుగులు కాబట్టి, నమూనాలో అవి 70, 40 మిల్లీమీటర్లు కావాలి. ఇరుసుల దూరం అర మిల్లీమీటరు తప్పినా ఆపైన అమర్చే బ్రేకు షూలన్నీ, అంటే చక్రాన్ని నొక్కి ఆపే దిమ్మలన్నీ, తప్పుతాయి కనుక వెర్నియర్ కాలిపర్‌తో కొలవకుండా ముందుకు వెళ్లకూడదు. ఆ తరువాత మీ వ్యానుకు ఏ తరహా బ్రేకు ఉండేదో తేల్చుకోవాలి. చేతి బ్రేకు మాత్రమే ఉన్న వ్యాన్లు, అడ్డ షాఫ్టు, లీవర్లతో పనిచేసే నాలుగు షూల మోర్టన్ అమరికకు వాక్యూమ్ (గాలి లేని పైపుతో నడిచే) బ్రేకు సిలిండరు జోడించినవి, ప్రతి చక్రాన్నీ రెండు వైపులా పట్టే ఎనిమిది షూల క్లాస్ప్ బ్రేకు ఉన్నవి పైనుంచి ఒకేలా కనిపించినా కింద పూర్తిగా వేరు. ఒకే డిజైను వ్యాన్లలో కూడా తేడాలు ఉంటాయి కాబట్టి, మీరు వేయదలచిన నంబరు వ్యాను ఫోటో దొరికితే దానినే నమ్మండి, వీలైతే రెండు పక్కల ఫోటోలూ సంపాదించండి.

రెండు పక్కల ఫోటోలూ కావాలనడానికి కారణం మోర్టన్ బ్రేకే. వ్యానుకు ఏ పక్కన నిలబడి చూసినా లీవరు పిడి కుడిచేతి వైపే ఉండాలి. అంటే రెండు లీవర్లు వ్యానుకు చెరో కొసన ఉంటాయి. రెండింటినీ కలిపేది ఒకే అడ్డ షాఫ్టు. ఒక పక్క లీవరును కిందికి నొక్కితే షాఫ్టు ఒక దిక్కుకు తిరుగుతుంది, అవతలి పక్క లీవరును అలాగే నొక్కితే మామూలుగా వ్యతిరేక దిక్కుకు తిరగాలి, అప్పుడు బ్రేకు పడటానికి బదులు షూలు చక్రాల నుంచి దూరంగా జరుగుతాయి. ఈ చిక్కు విప్పడానికే ఒక పక్క లీవరు మొదట్లో దిక్కు మార్చే క్లచ్ పెట్టారు. కాబట్టి ఆ పక్కన లీవరు మొదలు లావుగా, క్యామ్ ముక్కతో కనిపిస్తుంది, రెండో పక్కన లీవరు నేరుగా షాఫ్టుకే బిగించి ఉంటుంది. రెండు పక్కలా ఒకే అచ్చు ముక్క వేసిన నమూనాలు ఎన్నో చూశాను, నా మొదటి వ్యాను కూడా వాటిలో ఒకటి.

ఇదే తర్కం పుష్ రాడ్లకూ వర్తిస్తుంది. షాఫ్టు మీద ఉండే అడ్డ చేయికి పైన ఒక పిన్ను, కింద ఒక పిన్ను ఉంటాయి, వాటి నుంచి రెండు రాడ్లు చెరో చక్రం షూ వైపు వెళతాయి. షూలు చక్రాలకు లోపలి వైపున ఉన్నాయి కనుక బ్రేకు పడాలంటే రాడ్లు రెండూ బయటికి నెట్టాలి. క్లచ్ లేని పక్కన నిలబడి చూస్తే, కుడివైపు లీవరు కిందికి దిగినప్పుడు షాఫ్టు గడియారం ముల్లు తిరిగే దిక్కుకే తిరుగుతుంది కాబట్టి, కుడి చక్రానికి వెళ్లే రాడ్డు పై పిన్నుకు, ఎడమ చక్రానికి వెళ్లేది కింది పిన్నుకు తగలాలి. క్లచ్ ఉన్న పక్కన చూస్తే ఇది తారుమారై ఎడమ రాడ్డు పైనుంచి బయలుదేరుతుంది. కాగితం మీద ఒక్కసారి గీసి చూసుకుంటే మళ్లీ మరచిపోరు.

పని మొదలుపెట్టేటప్పుడు అచ్చులో వచ్చిన షూలను, రాడ్లను పదునైన బ్లేడుతో కోసి, మిగిలిన మొరటు భాగాన్ని సన్నని ఆకురాయితో నునుపు చేయండి. ఓఓ పట్టాల వెడల్పు 16.5 మిల్లీమీటర్లే, స్కేలు ప్రకారం 18.83 ఉండాలి. అందువల్ల చక్రాలు ఉండవలసిన చోటు కంటే ఒక్కో పక్కన సుమారు 1.2 మిల్లీమీటర్లు లోపలికి ఉంటాయి, అచ్చు షూలేమో బయటనే ఉండి దేనినీ పట్టుకోనట్టు కనిపిస్తాయి. కొత్త షూలను చక్రం పట్టా మీద నడిచే అంచుకు ఎదురుగా, అర మిల్లీమీటరు సందు ఉంచి అతికించాలి. ఆ సందు సమానంగా రావడానికి చక్రానికీ షూకూ మధ్య అంత మందం గల అట్టముక్కను నిలిపి, జిగురు ఆరాక తీసివేయడం నా పద్ధతి.

షూలు ప్లాస్టిక్‌వే వాడండి. ఒకసారి నేను ఎచ్చింగ్, అంటే రేకును రసాయనంతో తొలిచి తీసే పద్ధతిలో చేసిన ఇత్తడి షూలను ఇత్తడి అడ్డ కడ్డీకే టంకం పెట్టి గర్వపడ్డాను. ఆ వ్యాను ఒక ఇరుకు మలుపులోకి వెళ్లిన ప్రతిసారీ పట్టాల్లో వచ్చే కరెంటు ఆగి లైను మొత్తం చచ్చిపోయేది. రెండు సాయంత్రాలు పట్టాలను, పాయింట్లను వెదికిన తరువాత తెలిసింది, మలుపులో ఇరుసు కొద్దిగా పక్కకు జరిగి రెండు చక్రాలూ షూలను తాకి, ఆ ఇత్తడి గుండా షార్ట్ సర్క్యూట్ అవుతోందని.

షాఫ్టుకు 0.7 మిల్లీమీటర్ల, రాడ్లకు 0.45 మిల్లీమీటర్ల ఇత్తడి తీగ సరిపోతుంది. సోల్‌బార్, అంటే చట్రం పక్కన నిలువునా సాగే దూలం, నుంచి వేలాడే V ఆకారపు రెండు వీ హ్యాంగర్లకు ముందే బెజ్జాలు వేసి, షాఫ్టును ఇటునుంచి అటు గుచ్చి, అది చట్రానికి లంబంగా ఉందని చూసుకున్నాకే అంటించాలి. రాడ్డు ఊడినా పట్టాల మీద పడకుండా పట్టి ఉంచే సేఫ్టీ లూపులను విడిగా కొననవసరం లేదు, ఎచ్చింగ్ ముక్కలు తీసివేయగా మిగిలిన రేకు చట్రం అంచునే సన్నగా కోసి యూ ఆకారంలో వంచుకోవచ్చు.

మన గూడ్సు షెడ్లలో నాలుగు చక్రాల పెట్టెలను చూసి పెరిగినవారికి వాక్యూమ్ బ్రేకు కొత్తది కాదు. రైలు పొడవునా సాగే బ్రేకు పైపులోకి గాలి చొరబడినప్పుడు సిలిండరులోని పిస్టను పైకి లేస్తుంది, దాని కడ్డీ సిలిండరు అడుగునుంచి బయటికి వచ్చి షాఫ్టు చేయిని పైకి లాగుతుంది. కాబట్టి సిలిండరును వ్యాను నేల అడుగుకు అంటించిన డబ్బాలా వదిలేయకుండా, అది ఇరుపక్కలా ఊగేందుకు ఆనే మద్దతులను, కింద కడ్డీని, ఆ కడ్డీని షాఫ్టుతో కలిపే చేయిని తప్పక చూపించాలి. చేయి సిలిండరు కింద నుంచి వెళ్లాలి, పక్కనుంచి కాదు. బఫర్లు, హోసులు, కప్లింగు గురించి పెద్దగా చెప్పనవసరం లేదు, ఫోటో చూసి పెట్టుకోవచ్చు.

వాక్యూమ్ బ్రేకు ఉన్న వ్యానుకు పైభాగం బాక్సైట్ గోధుమరంగు, కింద నలుపు. మెరిసే నలుపు వద్దు, బ్రేకు ధూళి రంగు కలిసిన మట్టి నలుపు వేసి, షూల చుట్టూ తుప్పురంగు పొడిని పొడి కుంచెతో అద్దండి. లీవరు కొసన తెల్లరంగు వేయాలి. సోల్‌బార్ మీద ఒక చిన్న తెల్ల నక్షత్రం కూడా ఉంటుంది, వాక్యూమ్‌ను విడుదల చేసే తీగ సరిగ్గా అక్కడే ఉందని సిబ్బందికి చూపే గుర్తు అది. ఆ నక్షత్రాన్ని అంటించినప్పుడు దాని వెనుకే 0.3 మిల్లీమీటర్ల తీగతో ఆ లాగుడు తీగను కూడా వేలాడదీయండి.