ఆఫీసు దారిలో వాన, పాస్ మీద మంచు: సియాటిల్‌లో టైర్ల తిప్పలు, పరిష్కారాలు

నవంబర్ వస్తే చాలు, బెల్‌వ్యూ, రెడ్‌మండ్, బోథెల్, సమామిష్ వైపు మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న తిరుగుతుంది. "అన్నా, శనివారం లెవన్‌వర్త్ వెళ్తున్నాం, ఉన్న టైర్లు సరిపోతాయా, వింటర్ టైర్లు వేయించాలా?" కింద వచ్చే జవాబుల్లో సగం "ఏడబ్ల్యూడీ (ఆల్ వీల్ డ్రైవ్) ఉంది కదా బ్రో, ఏం కాదు", మిగతా సగం "నేను పోయినేడు మామూలు టైర్లతోనే వెళ్లొచ్చా". రెండూ సలహాలు కావు.

ఇక్కడి చిక్కేంటంటే, ఊళ్లో చలికాలమంతా వానే, టెంపరేచర్ ఎక్కువ రోజులు ఫారెన్‌హీట్ లెక్కలో 40ల్లో ఉంటుంది. ఐ-90 ఎక్కి గంట పోతే 3,022 అడుగుల ఎత్తులో స్నోక్వాల్మీ పాస్ (కొండ కనుమ), అక్కడ రోడ్డు పక్కన మనిషెత్తు మంచు గోడలు. కొండల అవతలి టూరిస్టు ఊరు లెవన్‌వర్త్‌కి యూఎస్-2 మీద వెళ్తే దారిలో స్టీవెన్స్ పాస్, అది ఇంకా పైన, 4,061 అడుగులు. ఒకే కారు, ఒకే వారంలో, ఈ రెండు వాతావరణాల్లోనూ తిరగాలి. అందుకే మిన్నెసోటాలో ఉన్న ఫ్రెండ్ సలహా ఇక్కడ పూర్తిగా అతకదు, కాలిఫోర్నియా కజిన్‌ది అసలే అతకదు. మీ కారు ఏం చేస్తోందో అక్కడి నుంచి మొదలుపెడదాం.

సమస్య: ఎత్తు ఎక్కేటప్పుడు చక్రాలు ఉన్నచోటే తిరుగుతున్నాయి, కారు కదలదు

ముందు చూడాల్సింది టైరు రకం కాదు, అరుగుదల. కొత్త ఆల్ సీజన్ టైరులో (చాలా కార్లకి మామూలుగా ఉండేవి ఇవే) గాడి లోతు దాదాపు 10/32 అంగుళం ఉంటుంది. 2/32 దాకా నడపొచ్చని చట్టం ఒప్పుకుంటుంది కాబట్టి ఇంకా చాలా ఉందిలే అనుకుంటాం. కానీ వాన రోడ్డుకే 4/32 కంటే తగ్గితే నమ్మకం లేదు, మంచుకైతే 5/32, 6/32 దగ్గరే పట్టు పోవడం మొదలవుతుంది. మంచు మీద టైరుకి పట్టు ఇచ్చేది రబ్బరు ఒక్కటే కాదు, గాడుల్లోకి మంచు దూరి గట్టిపడి ఆ మంచే కింది మంచుని పట్టుకుంటుంది, గాడే లేకపోతే ఇక పట్టుకునేదేముంది.

చూసుకోవడం తేలిక. క్వార్టర్ నాణెం తీసుకుని, వాషింగ్టన్ తల కిందికి ఉండేలా గాడిలో పెట్టండి. తల పైభాగం కనిపిస్తోందంటే 4/32 కన్నా తక్కువే. ఒక్కచోట చూసి వదిలేయొద్దు. స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకి తిప్పి ముందు టైరు లోపలి అంచులో కూడా పెట్టి చూడండి, ఎందుకంటే అలైన్‌మెంట్ తేడా ఉన్న కార్లలో బయటి వైపు చూడ్డానికి బాగానే ఉండి లోపలి వైపు బోడి అయిపోయి ఉంటుంది. అలాగే టైరు పక్కన డాట్ (DOT) అని మొదలయ్యే కోడ్ ఉంటుంది, దాని చివరి నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం. 3519 అంటే 2019లో 35వ వారం. సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్లు ఇది తప్పకుండా చూడాలి, గాడి నిండుగా ఉన్నా ఏళ్లు గడిచిన రబ్బరు గట్టిపడిపోతుంది.

6/32 కంటే తక్కువ ఉంటే పాస్ ఎక్కే ముందు మార్చేయండి. మార్చలేకపోతే ఆ వారం మంచు పడే సూచన ఉందేమో చూసుకుని ట్రిప్పే మార్చుకోండి.

సమస్య: ఎక్కడం బ్రహ్మాండంగా ఎక్కింది, దిగేటప్పుడు ఆగట్లేదు

ఇది ఏడబ్ల్యూడీ వాళ్ల సమస్య, అసలు ప్రమాదం కూడా ఇక్కడే. ఏడబ్ల్యూడీ ఇంజిన్ శక్తిని నాలుగు చక్రాలకీ పంచుతుంది, అంతే. బ్రేకు మీద కాలు పడ్డాక దానివల్ల ఒరిగేదేమీ లేదు, బ్రేకులు ఏ కారుకైనా నాలుగు చక్రాలకీ ఉంటాయి, మీ పక్కింటివాళ్ల పాత సివిక్‌కి కూడా. ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారు ఎత్తు దగ్గరే మొరాయించి రోడ్డు ఎంత జారుడుగా ఉందో ముందే చెప్పేస్తుంది, నడిపేవాడు భయపడి నెమ్మదిస్తాడు. ఏడబ్ల్యూడీ ఆ కబురు దాచిపెడుతుంది. అలాంటి కారులో మొదటిసారి తెలిసేది 50 మైళ్ల స్పీడులో, ముందు వెళ్తున్న ట్రక్కు బ్రేకు లైట్లు వెలిగినప్పుడు.

దీనికి తోడు ఇక్కడి మంచు రకం వేరు. కొలరాడోలో పడే పొడి మంచు కాదు, నీళ్లు నిండిన బరువైన మంచు, స్కీయింగ్ చేసేవాళ్లు దాన్ని కాస్కేడ్ కాంక్రీట్ అంటారు. మధ్యాహ్నం కరిగి సాయంత్రానికి గాజులా గడ్డకడుతుంది. బాగా గడ్డకట్టే చలిలో ఉన్న ఐస్ కన్నా 32 డిగ్రీల దగ్గర, పైన పల్చగా నీటి పొర ఉన్న ఐస్ ఇంకా ఎక్కువ జారుతుంది, పాస్ మీద మనకి తరచుగా దొరికేది అదే.

ఎలక్ట్రిక్ కార్లకి ఇంకో తిరకాసు ఉంది. యాక్సిలరేటర్ మీంచి కాలు ఒక్కసారిగా తీస్తే రీజెన్ బ్రేకింగ్ మొదలవుతుంది, అంటే మీరు బ్రేకు తొక్కకుండానే బ్రేకు పడ్డట్టు. రియర్ వీల్ డ్రైవ్ అయితే ఆ లాగుడంతా వెనక చక్రాల మీదే, మలుపులో అది వెనక భాగాన్ని పక్కకి లాగేయగలదు. మీ కారులో స్నో మోడ్ గానీ రీజెన్ తగ్గించే సెట్టింగ్ గానీ ఉంటే నార్త్ బెండ్ దాటేలోపే పెట్టుకోండి, లేకపోతే కాలు కొంచెం కొంచెంగా తీయడం అలవాటు చేసుకోండి.

ఏ కారుకైనా మందు మంచి టైర్లే. దిగేటప్పుడు తక్కువ గేరు, మలుపు మొదలవకముందే బ్రేకు, ముందు కారుకి మామూలు కన్నా మూడు నాలుగు రెట్ల దూరం. ఐస్ ఎంతుందో అనుమానంగా ఉంటే వెనక ఎవరూ లేని చోట 10-15 మైళ్ల స్పీడులో మెల్లగా బ్రేకు తొక్కి చూడండి. చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ కరకరమని కాలికి తగిలిందంటే సంగతి అర్థమైనట్టే.

సమస్య: టైరు మీద ఎమ్ ప్లస్ ఎస్ (M+S) అని ఉంది, అయినా జారుతోంది

ఎమ్ ప్లస్ ఎస్ అంటే బురద, మంచు. పేరు చూసి మోసపోవద్దు, ఆ గుర్తు గాడుల ఆకారాన్ని బట్టి ఇచ్చేది, మంచు మీద పరీక్ష చేసి ఇచ్చేది కాదు. మీరు వెతకాల్సింది మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచు రేకు ఉన్న బొమ్మ. 1999లో వచ్చిన ఈ గుర్తు కావాలంటే అణిచిన మంచు మీద ఒక ప్రామాణిక టైరుతో పోల్చి కనీసం 10 శాతం ఎక్కువ పట్టు చూపించాలి.

అక్కడితో అయిపోలేదు. ఆ పరీక్షలో చూసేది మంచు మీద కారుని ముందుకి లాగే శక్తి. ఐస్ మీద ఎంత దూరంలో ఆగుతుంది, మలుపులో నిలుస్తుందా అనేవి అందులో లేవు. అందుకే అదే బొమ్మ ఉన్న ఆల్ వెదర్ టైరు, అసలు సిసలు వింటర్ టైరు రెండూ ఒకటి కావు. మిషెలిన్ క్రాస్‌క్లైమేట్ 2, టోయో సెల్సియస్, నోకియన్ డబ్ల్యూఆర్ లాంటివి మొదటి రకం, ఏడాదంతా ఉంచుకోవచ్చు. బ్రిడ్జ్‌స్టోన్ బ్లిజాక్, మిషెలిన్ ఎక్స్-ఐస్, నోకియన్ హక్కపెలిటా రెండో రకం, ఐస్ మీద వీటిదే పైచేయి. ఆల్ సీజన్, ఆల్ వెదర్ అని పేర్లు వినడానికి ఒకేలా ఉంటాయి కాబట్టి షాపులో పేరు అడగొద్దు, బొమ్మ చూపించమనండి.

సమస్య: మంచేమీ లేదు, చలి పొద్దున మాత్రం మలుపులో కారు పట్టు తప్పుతోంది

పర్ఫార్మెన్స్ మోడల్ కార్లు కొన్నవాళ్లు ఇది చదవండి. వాటిలో చాలావాటికి కంపెనీ నుంచే సమ్మర్ టైర్లు వస్తాయి. 45 డిగ్రీల కంటే, అంటే మన లెక్కలో 7 సెల్సియస్ కంటే, చలి పెరిగేకొద్దీ ఆ రబ్బరు డిసెంబర్‌లో కొబ్బరి నూనె సీసాలా గట్టిపడుతుంది. రోడ్డు పొడిగా ఉన్నా పట్టు ఉండదు, బాగా గడ్డకట్టే చలిలో పగుళ్లు కూడా వస్తాయి. వీటితో పాస్ వైపు వెళ్లనే వద్దు, చైన్లు (మంచులో పట్టు కోసం టైర్లకి చుట్టే గొలుసులు) ఉన్నాయిలే అన్న ధైర్యం కూడా వద్దు. చలికాలానికి వేరే సెట్ వేయించుకోవడం తప్ప మార్గం లేదు.

సమస్య: వింటర్ టైర్లు వేశాక ఆఫీసు దారిలో కారు మెత్తగా ఊగుతోంది, చప్పుడు కూడా

లోపం కాదు, దాని గుణమే అంత. చలిలో కూడా మెత్తగా ఉండేలా చేసిన రబ్బరు, దాని నిండా సన్నని కోతలు, ఐ-405 హైవే మీద 50 డిగ్రీల తడి రోడ్డులో అది కొంచెం కదులుతున్నట్టే అనిపిస్తుంది. వేడి పెరిగితే త్వరగా అరిగిపోతుంది కూడా. మార్చి చివర్లో, మరీ అయితే ఏప్రిల్‌లో తీసేయాలి. ప్రతిసారీ టైరుని రిమ్ మీంచి ఊడదీసి ఎక్కించే బదులు వేరే రిమ్‌ల సెట్ తీసుకుంటే మార్చే ఖర్చు తగ్గుతుంది, కాకపోతే ప్రెజర్ సెన్సర్లు వాటికి కూడా ఉండాలి. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లకి అసలు ప్రశ్న ఇంకొకటి, ఆ నాలుగు టైర్లు ఎక్కడ పెడతారు? బాల్కనీలో పెడితే ఇంట్లోవాళ్లు ఊరుకుంటారా?

మేకుల టైర్లు ఈ రాష్ట్రంలో నవంబర్ 1 నుంచి మార్చి 31 దాకా వాడొచ్చు గానీ, ఊళ్లో ఆఫీసుకి తిరిగేవాళ్లకి అవి అక్కర్లేదని నా అభిప్రాయం. తడి రోడ్డు మీద పట్టు తక్కువ, చప్పుడు ఎక్కువ, రోడ్లకి కూడా నష్టం.

సమస్య: డబ్బు మిగులుతుందని రెండే మార్చాం, వెనక భాగం పక్కకి తిరుగుతోంది

ముందు చక్రాలకి పట్టు ఉండి వెనక వాటికి లేకపోతే బ్రేకు వేసినప్పుడు వెనక భాగం ముందుకి రావాలని చూస్తుంది, జారుడు రోడ్డు మీద దాన్ని సరిచేయడం మామూలు డ్రైవర్ వల్ల కాదు. వింటర్ టైర్లు వేస్తే నాలుగూ వేయండి. ఏడబ్ల్యూడీ కారైతే నాలుగింటి అరుగుదల దగ్గర దగ్గరగా ఉండటం ఇంకా ముఖ్యం, లేకపోతే డ్రైవ్ సిస్టమ్ మీద భారం పడుతుంది.

సమస్య: లెవన్‌వర్త్‌లో రాత్రి ఉండి పొద్దున స్టార్ట్ చేస్తే టైర్ ప్రెజర్ లైటు

టెన్షన్ వద్దు, సాధారణంగా పంక్చర్ కాదు. ప్రతి 10 డిగ్రీల ఫారెన్‌హీట్ చలికి గాలి దాదాపు 1 పీఎస్ఐ తగ్గుతుంది. 60 డిగ్రీల గరాజ్‌లో నింపి 20 డిగ్రీల్లో రాత్రంతా బయట నిలిపితే 4 పోయినట్టే, అప్పటికే కాస్త తక్కువ ఉన్న టైరుకి లైటు వెలుగుతుంది. ఒక్క టైరే మిగతావాటి కన్నా బాగా తగ్గితే అప్పుడు అనుమానించండి. కారు నడవకముందు, చల్లగా ఉన్నప్పుడు డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీదున్న అంకె దాకా నింపుకోండి. మంచులో గాలి తగ్గిస్తే పట్టు పెరుగుతుందని కొందరు చెప్తారు, హైవే మీద ఆ ప్రయోగాలు వద్దు.

సమస్య: చైన్లు తప్పనిసరి అని బోర్డు వెలిగింది, ఇప్పుడేం చేయాలి?

ఈ రాష్ట్రంలో బోర్డులు మెట్లుమెట్లుగా ఉంటాయి. మొదటిది ట్రాక్షన్ టైర్లు ఉంటే మంచిదని, తర్వాతది ఉండి తీరాలని. ట్రాక్షన్ టైరు అంటే కనీసం 1/8 అంగుళం గాడి, టైరు మీద ఎమ్ ప్లస్ ఎస్, ఆల్ సీజన్, లేదా ఆ కొండ బొమ్మ. ఆ పైది చైన్లు తప్పనిసరి. ఇందులో ఏడబ్ల్యూడీకి మినహాయింపు వేసుకునే దాంట్లోనే, కారులో మాత్రం చైన్లు ఉండాలి. చాలామందికి ఈ ముక్క తెలియదు. ఇంకా ముదిరితే అందరికీ తప్పనిసరి. చైన్లు వేయకుండా దొరికితే జరిమానా 500 డాలర్ల దాకా ఉంటుంది. మౌంట్ రెయినియర్ నేషనల్ పార్క్‌లో అయితే నవంబర్ 1 నుంచి మే 1 దాకా ఎండ కాస్తున్నా సరే, ఏ బండి అయినా సరే, చైన్లు వెంట ఉండాల్సిందే.

కొనేముందు ఓనర్స్ మాన్యువల్ చూడండి. టైరుకీ బాడీకీ మధ్య సందు చాలదని కొన్ని కార్లకి లావు చైన్లు వద్దంటారు, అలాంటివాటికి సన్నని కేబుల్ రకం గానీ ఆటోసాక్ లాంటి బట్ట తొడుగులు గానీ. బట్ట తొడుగులు వేయడం సులువే, మంచు లేని రోడ్డు మీద మాత్రం త్వరగా చిరిగిపోతాయి. ఫ్రంట్ వీల్ డ్రైవ్‌కి ముందు చక్రాలకి, రియర్‌కి వెనక వాటికి, ఏడబ్ల్యూడీకి మాన్యువల్ ఏం చెప్తే అది. వేశాక స్పీడు గంటకి 30 మైళ్లు దాటొద్దు.

అన్నింటికన్నా ముఖ్యం, ఇంట్లో ఒకసారి పొడి నేల మీద వేసి చూడటం. రోడ్డు పక్కన చీకట్లో, తడిసిన చేతిగ్లోవ్స్‌తో, పక్కనుంచి ట్రక్కులు బురద మంచు చిమ్ముకుంటూ పోతుంటే, టైరు వెనక చెయ్యి పెట్టి కనపడని కొక్కెం తగిలించాలి. ఆ టైములో యూట్యూబ్ వీడియో చూద్దామంటే సిగ్నల్ ఉండకపోవచ్చు. డిక్కీలో చైన్లతో పాటు ఒక హెడ్‌ల్యాంప్, మోకాళ్ల కింద వేసుకోవడానికి ఒక పాత పట్టా, తడవని గ్లోవ్స్ పెట్టుకోండి.

ఇంతకీ ఏవి కొనాలి?

ఊళ్లో ఆఫీసు, చలికాలంలో ఎప్పుడో పిల్లల్ని స్లెడ్డింగ్‌కి తీసుకెళ్లడం, లెవన్‌వర్త్ లైట్లు చూసి రావడం, అంతేనా? కొండ బొమ్మ ఉన్న ఆల్ వెదర్ టైర్లు, డిక్కీలో చైన్లు. మనవాళ్లలో ఎక్కువమందికి ఇదే సరైన లెక్క. ప్రతి వీకెండ్ స్కీయింగ్‌కి తెల్లవారుజామున బయల్దేరేవాళ్లు, పాస్ అవతల క్లీ ఎలమ్ వైపు ఇల్లు కొన్నవాళ్లు వింటర్ టైర్ల సెట్‌కి డబ్బు పెట్టడం వృథా కాదు. కొత్త ఆల్ సీజన్ టైర్లు మొన్ననే వేయించి ఉంటే వాటిని పీకేయొద్దు, ఈ ఏడాదికి డబ్ల్యూఎస్‌డాట్ (రాష్ట్ర రవాణా శాఖ) యాప్‌లో పాస్ పరిస్థితి, కెమెరాలు చూసుకుని మంచు పడని రోజు వెళ్లండి, మళ్లీ మార్చేటప్పుడు బొమ్మ ఉన్నవి తీసుకోండి. పాస్ అసలు ఎక్కనివాళ్లు వాన రోడ్డులో బాగా ఆగే మంచి ఆల్ సీజన్ టైరు మీద పెట్టండి డబ్బు, ఇక్కడ మీ కారు ఎక్కువగా నడిచేది వానలోనే.

ఏది తీసుకున్నా అక్టోబర్‌లోనే అపాయింట్‌మెంట్ పెట్టుకోండి. మొదటి మంచు వార్త వచ్చాక టైర్ షాపుల్లో లైను రోడ్డు దాకా ఉంటుంది, మీ సైజు ఉండదు, ఉన్న సైజు మీకు సరిపోదు.